మ్యాచ్‌కీ అడవికీ మధ్య ఖాళీ రోజులు

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మా తమ్ముడు ఫోన్‌కి ఒక రంగురంగుల ప్రకటన పంపాడు. 2027 క్రికెట్ ప్రపంచ కప్‌కి ఆఫ్రికా యాత్ర. పన్నెండు రోజులు, మూడు దేశాలు, నాలుగు మ్యాచ్‌లు, రెండు అడవులు, ఒక జలపాతం. కింద ఎర్ర అక్షరాలతో 'బిగ్ ఫైవ్ గ్యారంటీ' అని ఉంది. ఏనుగు, సింహం, చిరుత, ఖడ్గమృగం, అడవి దున్న, ఈ ఐదింటినీ చూపించే పూచీ వాళ్ళదట. దాని వెనకే తమ్ముడి గొంతు: "అక్కా, ఇప్పుడే అడ్వాన్సు కడితే రేటు తగ్గిస్తారంట. ఏమంటావు?"

వద్దన్నాను. నాకు ఆఫ్రికా మళ్ళీ వెళ్ళాలని లేక కాదు. ఆ పట్టికను రెండుసార్లు చదివాను, పన్నెండు రోజుల్లో ఒక్క పూట కూడా ఖాళీగా లేదు. పొద్దున విమానం, సాయంత్రం మ్యాచ్, తెల్లవారుజామున అడవి, మధ్యాహ్నం మళ్ళీ విమానం. క్రికెట్టూ అడవీ కలిపి చూడాలనుకునేవాళ్ళు ముందుగా డబ్బు పెట్టాల్సింది ఖాళీ రోజుల మీద అని నా నమ్మకం. మ్యాచ్ టికెట్లూ అడవిలో గదులూ ఆ తర్వాత చూసుకోవచ్చు. ఇది ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పేసరికి తమ్ముడికి కోపం వచ్చింది. "డబ్బు పెట్టి ఖాళీగా కూర్చోవడం ఏంటి?" అన్నాడు. వాడి ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకే ఇక్కడ విడమరిచి రాస్తున్నాను.

సెంచూరియన్‌లో మూడు రోజులు

మేం ఒకసారి దక్షిణాఫ్రికా వెళ్ళాం. 2023 డిసెంబరు చివర్లో తమ్ముడు, అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న వాడి కొడుకు, నేను. ఆ ఏడు తమ్ముడికి రొయ్యల పట్టుబడి బాగుంది, కాలేజీలో నాకు సెలవు దొరికింది. సెంచూరియన్‌లో బాక్సింగ్ డే టెస్టు, కేప్‌టౌన్‌లో న్యూలాండ్స్ టెస్టు, మధ్యలో క్రూగర్ అడవి. కాగితం మీద ఇంతకన్నా చక్కగా కుదిరే యాత్ర ఉండదనిపించింది.

దక్షిణాఫ్రికాలో జరిగే టెస్టులంటే మా ఇంట్లో మొదటినుంచీ ఇష్టం. ఆస్ట్రేలియా టెస్టులకు తెల్లారకుండా లేవాలి, వెస్టిండీస్ అయితే నిద్ర పాడు. దక్షిణాఫ్రికా మనకంటే మూడున్నర గంటలు వెనక, కాబట్టి పది గంటల ఆట మనకు ఒంటిగంటన్నరకు మొదలవుతుంది. అన్నం తిని, అరుగు మీద చాప వేసుకుని, రాత్రి భోజనం వేళ దాకా చూడొచ్చు. 2003 ప్రపంచ కప్‌లో సెంచూరియన్ మీద పాకిస్తాన్‌పై సచిన్ 75 బంతుల్లో 98 కొట్టిన రోజు మా నాన్న వీధిలోకి వెళ్ళి నిలబడి మళ్ళీ లోపలికి వచ్చారు. కుదురుగా కూర్చోలేకపోయారు. మూడు వారాల తర్వాత జొహానెస్‌బర్గ్ వాండరర్స్‌లో ఫైనల్ ఓడిన రాత్రి ఎవరితోనూ మాట్లాడలేదు. 2009లో ఐపీఎల్ అక్కడికి వెళ్ళి, అదే వాండరర్స్‌లో డెక్కన్ చార్జర్స్ ఆరు పరుగుల తేడాతో కప్పు గెలిచినప్పుడు ఆయన లేరు. ఆ గ్రౌండ్ల పేర్లు మాకు బంధువుల ఊళ్ళ పేర్లలా తెలుసు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2022 జనవరిలో వాండరర్స్ రెండో ఇన్నింగ్స్‌లో అటు వికెట్లు పడుతుంటే 40 దగ్గర అజేయంగా నిలబడ్డప్పుడు, మా వీధిలో ఆ 40 సెంచరీ కింద లెక్క.

సరే, సెంచూరియన్. టెస్టు డిసెంబరు 26 నుంచి 30 దాకా జరగాలి. 28నే అయిపోయింది. మొదటి రోజు వాళ్ళ రబాడ ఐదు వికెట్లు తీశాడు, మర్నాడు మన రాహుల్ 101 పూర్తి చేశాడు, ఆ తర్వాత వాళ్ళ ఎల్గర్ 185 చేసి మనల్ని తవ్వి పోశాడు. మూడో రోజు కోహ్లీ 76 చేసినా తక్కినవాళ్ళు నిలవక 131కి ఆలౌట్. ఇన్నింగ్స్ 32 పరుగుల ఓటమి. అక్కడ గ్రౌండు చుట్టూ చాలా మేర గడ్డి గట్టే. కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని, పొయ్యిలు పెట్టుకుని మాంసం కాల్చుకుంటూ ఆట చూస్తారు. మా పక్కన దుప్పటి మీద ఉన్న పెద్దాయన చివరి వికెట్ పడగానే మా మేనల్లుడి ముఖం చూసి, వాడి చేతిలో ఒక నారింజ పండు పెట్టాడు. మాట కూడా ఆడలేదు.

ఆ సాయంత్రం యాత్ర నడిపించేవాళ్ళ మనిషి హోటల్‌కి వచ్చి, క్రూగర్‌కి 31నే బయల్దేరతామనీ, ఈ రెండు రోజులూ షాపింగ్ చేసుకోమనీ చెప్పాడు. ముందుకు జరిపే వీలు లేదు. అడవిలో గదులు తేదీల ప్రకారం ఎప్పుడో తీసి ఉన్నాయి. పెట్టిన డబ్బంతా ఐదు రోజుల ఆటకు కదా, రెండు రోజులు గాలికి పోయాయని తమ్ముడు గొణుక్కున్నాడు. రాత్రి హోటల్ కౌంటర్ దగ్గర అమ్మాయి మాటల్లో చెప్పింది, పిలానెస్‌బర్గ్ అని ఒక అడవి ఉంది, కారులో రెండున్నర గంటలే అని. ఆ పేరు మా పట్టికలో లేదు.

మాటు దగ్గర రెండు గంటలు

పిలానెస్‌బర్గ్ చాలా పాత అగ్నిపర్వతం మిగిల్చిన కొండల వలయం. ఒకప్పుడు అక్కడ పొలాలుండేవి. 1979 నుంచి ఆపరేషన్ జెనెసిస్ అనే పేరుతో సుమారు 6,000 జంతువుల్ని బయటినుంచి తెచ్చి వదిలారు. పొలాన్ని మళ్ళీ అడవి చేయొచ్చని నేను అంతకుముందు ఊహించను కూడా లేదు. మా వైపు చేలు చెరువులవడమే చూశాను.

మధ్యలో మాంక్వే అనే చెరువు ఉంది. కంచె కట్టిన చిన్న బాట మీద నడిచి వెళ్తే నీటి అంచున చెక్కతో కట్టిన మాటు. అందులో బల్లలు, ఎదురుగా సన్నటి కిటికీలు. పది గంటలకు వెళ్ళి కూర్చున్నాం. గంటసేపు నీటి మీద నీటిఏనుగుల చెవులు తప్ప ఏమీ లేదు. మేనల్లుడు అప్పటికే అలిగి ఉన్నాడు, ఫోన్‌లో సిగ్నల్ కూడా లేదు. వాడు బిగ్ ఫైవ్‌కి ఐదు గడులు గీసుకుని వచ్చాడు, ఒక్కదానిలోనూ టిక్కు పడలేదు.

కిటికీకి నాలుగడుగుల దూరంలో ఒక కట్టె మీద నలుపు తెలుపు లకుముకి పిట్ట వాలింది. నరసాపురం కాలువ మీద కరెంటు తీగ పట్టుకుని కూర్చునే పిట్టే. చుట్టం వరస కాదు, అచ్చంగా అదే జాతి, ఆఫ్రికాలోనూ ఉంటుంది, మన దగ్గరా ఉంటుంది. గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, ధబీమని నీళ్ళలో పడి, చేపతో లేచింది. మన ఊళ్ళో దాన్ని రోజూ చూస్తాను, ఎన్నడూ అరగంటసేపు చూడలేదు.

తర్వాత ఏనుగులు వచ్చాయి. ముందు చప్పుడు వచ్చింది. కింద నేలలోంచి వచ్చినట్టు గుర్రుమనే శబ్దం. "అత్తా, మన మోటారు పడవ రేవుకి దూరంగా ఉన్నప్పుడు ఇలాగే వినబడుతుంది" అన్నాడు మేనల్లుడు. మాటులో మాకంటే ముందు నుంచీ ఫ్లాస్కుతో కూర్చున్న పెద్దావిడ ఒకామె నెమ్మదిగా చెప్పింది, అది కడుపు చప్పుడని జనం అనుకుంటారు, కానీ గొంతులోంచే, అవి ఒకదానితో ఒకటి అలా మాట్లాడుకుంటాయని. పదకొండు ఏనుగులు. అందులో ఒక గున్నకు తొండం ఎలా వాడాలో ఇంకా తెలియదు. తల్లి తొండంతో నీళ్ళు పీలుస్తుంటే అది చూసి, తన తొండాన్ని పక్కకు తోసేసి మూతి నీళ్ళలో పెట్టి తాగింది. పావుగంట తర్వాత అన్నీ వెనక్కి తిరిగి పొదల్లోకి వెళ్ళిపోయాయి. ఆ పెద్ద శరీరాలు పది అంగల్లో కనబడకుండా పోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఈ పూట మాకెవరూ అమ్మలేదు. టెస్టు మూడు రోజుల్లో ముగియడం వల్ల మా చేతిలో పడింది.

పదిహేడు బండ్ల మధ్య సింహం

31న క్రూగర్. వెళ్ళే దారి నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. మధ్యలో గడ్డి మైదానాల పక్కన తీగల మీద చిన్న డేగలు వరసగా కూర్చుని ఉన్నాయి. మా బండిలో ఉన్న హైదరాబాదు ఆవిడ కిటికీకి అతుక్కుపోయి, అవి అముర్ డేగలని చెప్పింది. చైనా, సైబీరియా వైపు నుంచి బయల్దేరి, అక్టోబరు నవంబరుల్లో మన నాగాలాండ్‌లో లక్షలుగా ఆగి, అరేబియా సముద్రం దాటి ఇక్కడికి వస్తాయట. అంటే మేం విమానంలో వచ్చిన దారినే అవి రెక్కలతో వచ్చాయి. ఐదు నిమిషాలు ఆపమని అడిగింది. డ్రైవర్ వాచీ చూపించాడు. గేటు మూసేలోపు చేరాలి. అడవిలో విడిదుల గేట్లు వేసవిలో తెల్లవారుజామున నాలుగున్నరకు తెరిచి, సాయంత్రం ఆరున్నరకు మూసేస్తారు. ఆయన తప్పేమీ లేదు.

మర్నాడు కొత్త సంవత్సరం. గైడు దగ్గర రేడియో ఉంది. అందులో ఏదో వినబడగానే బండి తిప్పాడు. దారిలో దున్నల మంద, వాటి వీపుల మీద తెల్ల కొంగలు. మన దగ్గర దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనక నడిచే కొంగలకు దగ్గరి చుట్టాలు. ఆగలేదు. నెలరోజులు కూడా నిండని ఇంపాలా పిల్లలు వందకు పైగా ఒకేచోట. డిసెంబరు ప్రాంతంలోనే ఆ దృశ్యం. ఆగలేదు. వెళ్ళి చూస్తే ఒక పొద చుట్టూ బండ్లు. లెక్కపెట్టాను, పదిహేడు. నలభై నిమిషాలు వరసలో నిలబడితే మా వంతు వచ్చింది. ఒక చెవి, ఒక తోక. మూడు నిమిషాలయ్యాక వెనక బండివాళ్ళు తొందర చేశారు, కదిలాం. మేనల్లుడు సింహం గడిలో టిక్కు పెట్టాడు, పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

టీ కోసం ఆగినప్పుడు గైడుని అడిగాను, ఇంపాలా పిల్లల దగ్గర కాసేపు ఉండొచ్చు కదా అని. చాలా మర్యాదగా చెప్పాడు. ఐదూ చూపిస్తామని ముందే చెప్పి తీసుకొస్తారు, చిరుత కనబడకపోతే బండిలో ఒకరైనా ఆఫీసుకి ఫిర్యాదు రాస్తారు, కాబట్టి మిగతావాటి దగ్గర ఆగడానికి తనకు భయం అని. నేను గ్యారంటీ అనే మాటను పట్టుకుని ఇంత పొడుగు రాయడానికి కారణం ఆ జవాబే. ఆ మాట అడవిలో ఏ జంతువునీ దగ్గరికి తీసుకురాలేదు. గైడుని టెన్షన్ పెట్టి, మా బండిని పరుగులెత్తించింది, అంతే. బిగ్ ఫైవ్ అనే లెక్క కూడా వేటగాళ్ళు పెట్టింది. నడిచి వెళ్ళి వేటాడ్డానికి ఈ ఐదూ చాలా కష్టమని వాళ్ళు చెప్పుకున్న జాబితా. తుపాకీ పోయి కెమెరా వచ్చినా జాబితా మారలేదు.

ఆ గైడే ఇంకో మాట చెప్పాడు. ఖడ్గమృగం కనిపిస్తే ఎక్కడ చూశామో ఫోన్‌లో పెట్టవద్దని. కొమ్ము కోసం చంపేవాళ్ళు కూడా ఆ ఫొటోలు చూస్తారు. 2023లో దక్షిణాఫ్రికాలో అలా 499 ఖడ్గమృగాలు పోయాయి. 2014లో 1,215. మాకు ఒకటి కనిపించింది. ఎక్కడో చెప్పను.

ఈ విషయంలో తమ్ముడు నాతో ఇప్పటికీ ఒప్పుకోడు. "తోక చూసినా సింహం తోకే కదక్కా. ఆ రోజు ఆ రేడియో లేకపోతే అదీ లేదు. నీకు పిలానెస్‌బర్గ్‌లో అదృష్టం కలిసొచ్చి ఏనుగులొచ్చాయి. రాకపోతే ఇంకోలా చెప్పేదానివి." వాడన్నది చాలా రోజులు నాలో తిరిగింది. నిజంగానే ఆ రెండు గంటలూ నీటిఏనుగు చెవులతోనే సరిపోయి ఉంటే నేనేమనేదాన్ని? దానికి జవాబు కేప్‌టౌన్‌లో దొరికింది, అది పూర్తిగా నా పక్షాన లేదు.

642 బంతులు

న్యూలాండ్స్ టెస్టు జనవరి 3న మొదలైంది. లంచ్‌లోపే దక్షిణాఫ్రికా 55కి ఆలౌట్. మన హైదరాబాదు సిరాజ్ తొమ్మిది ఓవర్లు వేసి 15 పరుగులకు ఆరు వికెట్లు తీశాడు. ఎదురుగా టేబుల్ మౌంటెన్, మా పక్కన తమ్ముడు గొంతు పోయేదాకా అరుపులు. ఆ పొద్దుట గురించి నేను ఎంత రాసినా తక్కువే. ఆ తర్వాత మనవాళ్ళు 153కి నాలుగు వికెట్ల మీద ఉండి, ఒక్క పరుగు కూడా కలపకుండా మిగతా ఆరు వికెట్లూ పోగొట్టుకున్నారు. నేను నీళ్ళ సీసా నింపుకోవడానికి వెళ్ళి వచ్చేసరికి ముగ్గురు లేరు. మొదటి రోజే 23 వికెట్లు. రెండో రోజు వాళ్ళ మార్‌క్రమ్ 106 కొట్టాడు, మన బుమ్రా ఆరు తీశాడు, మనం ఏడు వికెట్లతో గెలిచాం. మొత్తం 642 బంతులు. ఫలితం తేలిన టెస్టుల్లో ఇంత చిన్నది చరిత్రలోనే లేదు. పిచ్ సరిగా లేదని ఐసీసీ తర్వాత తేల్చింది.

పది రోజుల టెస్టు క్రికెట్‌కి టికెట్లు కొంటే మాకు దక్కింది ఐదు రోజులు. గెలుపు సంతోషం ఆ రాత్రి దాకా ఉంది. తెల్లారితే జనవరి 5, విమానం 8న. మళ్ళీ మూడు ఖాళీ రోజులు.

ఒక రోజు సైమన్స్‌టౌన్ దగ్గర బౌల్డర్స్ బీచ్‌కి వెళ్ళాం. పెంగ్విన్లు. 1982లో రెండు జంటలతో మొదలైన గుంపు అది. మన ఇళ్ళ మధ్య బాతులు తిరిగినట్టు అక్కడి ఇళ్ళ వెనక తిరుగుతాయి. సార్డీన్, ఆంచోవీ చేపలు తగ్గిపోయి వాటికి తిండి చాలడం లేదని అక్కడ రాసి ఉంది. ఆ ఏడాదిలోనే, తర్వాత, వాటిని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చారు. చేపల మీద బతికే ఊరి నుంచి వెళ్ళినవాళ్ళం కాబట్టి తమ్ముడు ఆ బోర్డు దగ్గరే చాలాసేపు నిలబడ్డాడు.

మిగతా రెండు రోజులు మాత్రం బాగా లేవు. నిజం చెప్పాలి. గాలి విపరీతంగా వీచి కొండ మీదికి వెళ్ళే కేబుల్ కారు ఆపేశారు. టికెట్ ముందుకు మార్చుకుందామంటే అడిగిన డబ్బు విని వెనక్కి తగ్గాం. రొయ్యల చెరువులో గాలి కొట్టే ఏరేటరు కాలిపోయిందని ఇంటి నుంచి ఫోన్ వచ్చింది, తమ్ముడు హోటల్ గదిలో అటూ ఇటూ తిరిగాడు. మేనల్లుడు ఇంటికి పోదామన్నాడు. నేను ఇంటి దగ్గర ఉంటే ఈ రోజున ఏం చేస్తూ ఉంటానా అనుకుంటూ గడిపాను. ఖాళీ రోజు ఉంటే చాలు, ఏనుగులు నడిచి వస్తాయని నేను చెప్పలేను. చేతిలో రోజు ఉండి, దగ్గర్లో వెళ్ళి కూర్చోవడానికి చోటు లేకపోతే అది ఉత్త ఎదురుచూపే. పిలానెస్‌బర్గ్ రోజుకూ ఈ రెండు రోజులకూ తేడా అదే. ఖాళీ రోజులు నగరంలో కాకుండా అడవి అంచున పడేలా చూసుకోవాలి. ఇది అప్పుడు నాకు తెలియదు.

వాటికి కష్టకాలం, మనకు మంచికాలం

ఇంకో పేచీ ఉంది, దాని గురించి యాత్రల ప్రకటనలు మాట్లాడవు. దక్షిణాఫ్రికాలో క్రికెట్ వేసవి ఆట, నవంబరు నుంచి మార్చి దాకా. క్రూగర్ వైపు వానాకాలమూ అదే. వానలొస్తే ఎక్కడపడితే అక్కడ నీళ్ళు, పొదలన్నీ పచ్చగా దట్టంగా, జంతువులు చెదిరిపోతాయి. మేం వెళ్ళినప్పుడు పది గజాల అవతల ఏముందో కనబడలేదు. మలేరియా భయం కూడా ఆ నెలల్లోనే ఎక్కువ, ముందుగా డాక్టర్ని అడిగి మాత్రలు వేసుకోవాలి. జంతువులు బాగా కనబడేది జూన్ నుంచి అక్టోబరు వరకు, వానల్లేని పొడి కాలంలో. అప్పుడు అక్కడ అంతర్జాతీయ క్రికెట్ దాదాపు ఉండదు. ఇన్నాళ్ళూ ఈ రెండూ ఒకదానికొకటి పొసగనివే.

2027 ప్రపంచ కప్ అక్టోబరు, నవంబరుల్లో. 54 మ్యాచ్‌ల్లో 44 దక్షిణాఫ్రికాలో, మిగతా పది జింబాబ్వే, నమీబియాల్లో. అంటే ఈసారి మ్యాచ్‌లు పొడి కాలం ముగిసి వానలు మొదలయ్యే సంధిలో పడ్డాయి. జింబాబ్వేలో హ్వాంగే అడవికి ఏడాది పొడుగునా పారే నది లేదు. బోర్లు వేసి, నీళ్ళు తోడి గుంటలు నింపుతారు. అక్టోబరులో వందలాది ఏనుగులు ఆ గుంటల దగ్గరికే వస్తాయి. నమీబియాలో ఎటోషా కూడా అంతే. అక్కడ ఒకాకుయో అనే విడిదిలో రాత్రంతా దీపాలు వెలిగే నీటిగుంట ఉంది. మనం గోడ ఇవతల బెంచీ మీద కూర్చుంటాం, ఖడ్గమృగాలూ ఏనుగులూ వాటంతట అవి వచ్చి నీళ్ళు తాగి పోతాయి. డే నైట్ మ్యాచ్ చూడ్డానికి అలవాటు పడ్డవాళ్ళకి అంతకన్నా తగిన చోటు నాకు తోచడం లేదు. తమ్ముడు పంపిన పట్టికలో విక్టోరియా జలపాతం ఉంది, కానీ అక్టోబరు చివర్లో జాంబేజీ నదిలో నీళ్ళు బాగా తక్కువగా ఉంటాయి, ఫొటోలో చూపించినంత ఉండదు. అది ప్రకటనలో ఎక్కడా లేదు.

ఇక్కడ నన్ను ఒక సంగతి ఇబ్బంది పెడుతుంది. మేం క్రూగర్‌లో పచ్చని పొదల్ని విసుక్కుంటున్న ఆ డిసెంబరులోనే, వానలు ఆలస్యమై హ్వాంగేలో వందకు పైగా ఏనుగులు దాహంతో చచ్చిపోయాయి. మనకు బాగా కనబడే కాలం వాటి ప్రాణం మీదికి వచ్చే కాలం. ఇది మనకు తెలియని విషయం కాదు. వేసవిలో కాలువలు కట్టేశాక మా ఊరి పక్క కాలువలో అక్కడొకటి ఇక్కడొకటి మడుగులు మిగులుతాయి. చేపలన్నీ అందులో కొట్టుకుంటుంటాయి, కొంగలు, బాతులు, పిల్లలు, గాలాలు, వలలు అన్నీ అక్కడే. ఎవరైనా కెమెరాతో వస్తే ఏడాదిలో అంత మంచి ఫొటో మళ్ళీ దొరకదు. చేప వైపు నుంచి ఆ ఫొటో ఏమిటో మనకు తెలుసు. అందుకని వెళ్ళవద్దని అనను. ఆ బోర్లకు డీజిలు, కాపలావాళ్ళకు జీతాలు మనలాంటివాళ్ళు కట్టే రుసుములోంచి కూడా వస్తాయి. కానీ నీటిగుంట దగ్గర ఎంత దూరంలో, ఎంత నిశ్శబ్దంగా ఉండాలో, అది వాటి కష్టకాలమన్న ఆ ఒక్క విషయమే మనకు నేర్పాలి. మూడు నిమిషాలకు వంతులేసుకుని, ఇంజిన్లు ఆపకుండా చూసి పోవడం ఆ కాలంలో ఇంకా తప్పు.

పులస పూచీ

ఈ పోస్టు సగం రాసి స్టాఫ్ రూమ్‌లో ఒక సహోద్యోగికి వినిపించాను. ఆయన నొచ్చుకున్నాడు. "మేడమ్, మీరు ఒకసారి వెళ్ళొచ్చారు కాబట్టి ఇలా అంటున్నారు. నాలాంటివాడికి జీవితంలో ఒక్కసారి. పది రోజుల సెలవు, అయిదేళ్ళ పొదుపు. అందులో రెండు రోజులు ఖాళీ పెట్టుకోమంటే ఎలా? గ్యారంటీ అడగడం తప్పా?"

తప్పనలేను. కష్టపడి కూడబెట్టినవాడే గ్యారంటీ అడుగుతాడు, డబ్బు లెక్కలేనివాడికి దాంతో పని లేదు. నేను ఆయనతో చెప్పింది ఒక్కటే. పులస దగ్గర మనం ఎలా ఉంటామో గుర్తు చేసుకోండి. పుస్తెలమ్మైనా తినాలని చెప్పుకునే చేప. గోదావరికి ఎర్రనీరు తగిలాక నరసాపురం రేవుకో యానానికో పొద్దున్నే వెళ్తాం, వలలో పడితే పడుతుంది, లేకపోతే లేదు. పడవవాడు పూచీ ఇవ్వడు. ఎవడైనా ఫోన్ చేసి 'రేపు పొద్దుటికి గ్యారంటీగా పులస' అంటే, వాడు ఐసు పెట్టెలో వచ్చిన సముద్రపు విలసను అంటగడుతున్నాడని మా ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు. చేప దగ్గర ఇంత తెలివైనవాళ్ళం, అయిదేళ్ళ పొదుపు దగ్గర ఆ ఎర్ర అక్షరాలను ఎందుకు నమ్ముతాం?

ఆయన కాసేపు ఆలోచించి, "మరి పది రోజులే ఉన్నవాడు ఏం చేయాలి?" అన్నాడు. మూడు దేశాలు ఒక దేశం చేసుకోవాలి. నాలుగు మ్యాచ్‌లు రెండు చేసుకోవాలి. మిగిలే విమానం డబ్బుతో అడవి అంచున ఇంకో మూడు రాత్రులు ఉండొచ్చు. ఇందులో పోయేది మన జట్టు ఆడే ఒకటో రెండో మ్యాచ్‌లు, అది చిన్న నష్టం కాదు. 2024 నవంబరులో తిలక్ వర్మ సెంచూరియన్‌లో 107, రెండు రోజుల తర్వాత వాండరర్స్‌లో 120, రెండుసార్లూ నాటౌట్‌గా కొట్టాడు. ఆ రెండిట్లో ఒక్కటే చూడొచ్చు, రెండో రోజు అడవిలో ఉండాలి అని ఎవరైనా నాకు చెబితే నేను కూడా గింజుకుంటాను. ఆ రాత్రి టీవీ ముందే తమ్ముడు "మళ్ళీ వెళ్దామక్కా" అన్నది. ఇప్పటి ఈ గొడవంతా ఆ రాత్రే మొదలైంది.

కోరంగి బురదలో

తిరిగొచ్చాక మా మేనమామ ఒక మాట అడిగాడు. "అంత దూరం పోయి చూసొచ్చారు, కోరంగిలో బావురు పిల్లిని చూశావా?" చూడలేదు. మా పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి, అమలాపురం మీదుగా ఎదుర్లంక వంతెన ఎక్కి యానాం దాటితే కోరంగి. మడ అడవిలో చేపలు పట్టుకుని తినే ఆ పిల్లి కోసం పరిశోధకులు దేశం నలుమూలల నుంచి వస్తారు. నేను ఇన్నేళ్ళుగా కాకినాడ పెళ్ళిళ్ళకు వెళ్తూ ఆ దారినే పోయాను.

తర్వాత మూడుసార్లు వెళ్ళాను, ప్రతిసారీ మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని. మొదటిసారి పోటు మీద వెళ్ళాం, నీళ్ళు చెట్ల మొదళ్ళ దాకా ఉన్నాయి. పడవాయన, "పాటు మీద రావాలండమ్మా, నీళ్ళు దిగితే బురదలో అడుగులు కనబడతాయండి" అన్నాడు. రెండోసారి వాన. మూడోసారి తెల్లారకముందే బయల్దేరి, పాటు వేళకు అక్కడున్నాం. బురద మీద చేపలు పాక్కుంటూ గెంతుతున్నాయి, పీతలు కన్నాల్లోకి దూరుతున్నాయి. నీటి అంచున నాలుగు గుండ్రటి అడుగులు, గోళ్ళ గుర్తులు లోతుగా దిగి ఉన్నాయి. పడవాయన తెడ్డు ఆపి, రాత్రివేనన్నాడు. గంటన్నర అక్కడే ఉన్నాం. పిల్లి రాలేదు. మేనల్లుడు ఫోన్ జేబులోంచి తీయలేదు, వెళ్దామని కూడా అనలేదు. మాంక్వే చెరువు దగ్గర అలిగి కూర్చున్న పిల్లాడే వీడు.

నిన్న రాత్రి తమ్ముడికి నా పట్టిక పంపాను. నమీబియా ఒక్కటే, లేదా జింబాబ్వే ఒక్కటే. రెండు మ్యాచ్‌లు, ఒక అడవి. నమీబియా అయితే ఒకాకుయోలో మూడు రాత్రులు, పక్కన ఏమీ రాయని మూడు రోజులు. తమ్ముడు ఇంతవరకూ జవాబివ్వలేదు. ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న మేనల్లుడు మాత్రం పొద్దున్నే మెసేజ్ పెట్టాడు. "అత్తా, మ్యాచ్ ఒకటి తగ్గించు. ఆ నీటిగుంట దగ్గర ఇంకో రెండు రాత్రులు వెయ్యి. నాన్నకి నేను చెబుతాను."